వెనక సీటు మధ్యలో

చిల్లర కోర్టులో కుర్చీలన్నీ నేలకి బిగించినవే. అక్కడికి వచ్చేవాళ్ళు కుర్చీలెత్తి కొట్టుకునే రకం కాదు. హంతకులూ దొంగలూ వేరే కోర్టుకి పోతారు. ఇక్కడికి వచ్చేది ఎర్ర లైటు పడ్డాక సిగ్నల్ దాటినవాళ్ళు, చెత్తబుట్ట తప్పు రోజున బయట పెట్టినవాళ్ళు, కుక్కని తాడు లేకుండా తిప్పినవాళ్ళు. అయినా ఎప్పుడో ఎవరికో భయమేసి కుర్చీలు బిగించేశారు. ఇక ఎవరూ విప్పలేదు.

ఆమె మూడో వరసలో గోడపక్కన కూర్చుంది. నోటీసులో రెండు గంటలకి రమ్మని ఉంది. ఇప్పుడు నాలుగు దాటింది. చలికాలం కావడంతో కిటికీ బయట వెలుగు అప్పుడే బూడిదరంగుకి తిరిగింది. హాలంతా తడి కోట్ల వాసన, నేల తుడిచే మందు వాసన, ఎన్నేళ్ళుగానో కట్టలు విప్పని కాగితాల వాసన. పైన ట్యూబులైటు ఒకటి వెలగనా మాననా అన్నట్టు కొట్టుకుంటోంది.

ముందు వరసలో ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయన ఇంటి చెట్టుకొమ్మ వీధిదీపానికి అడ్డంగా పెరిగిందట. కొట్టెయ్యమని మూడుసార్లు చెప్పినా వినలేదట. పెరిగింది చెట్టు కదా, నోటీసు దానికే పంపాల్సింది, మధ్యలో నేనెవర్ని అని వచ్చినవాళ్ళందరికీ వరసగా చెబుతున్నాడు. ఆమె పక్కన రొట్టెల కంపెనీ వ్యాను నడిపే కుర్రాయన. ఆపకూడని చోట వ్యాను ఆపడం అతనికిది పదకొండోసారి. ఈ కోర్టులో తన పేర ఒక కుర్చీ రాసివ్వాలని అతని వాదన.

కోర్టు పద్ధతి ఆమెకి చెప్పింది అతనే. గుమస్తా బల్ల మీద రెండు రంగుల కాగితాలుంటాయి. ఆకుపచ్చది ఒప్పుకునేవాళ్ళకి, తెల్లది ఒప్పుకోనివాళ్ళకి. ఆకుపచ్చది పట్టుకుని లోపలికెళ్ళి ఒక్కమాట అంటే అర నిమిషంలో పని అయిపోతుంది. తెల్లదైతే వాయిదా, ఆ పైన ఇంకో వాయిదా. అందుకే ఎవరూ తెల్లదాని జోలికి పోరు.

"పచ్చది తీసుకో అక్కా," అన్నాడు. "అర నిమిషంలో వదిలేస్తామంటే, చందమామని దొంగిలించావా అని అడిగినా అవుననేస్తాను నేను."

ఆమె నవ్వలేదు. ఒళ్ళోని నోటీసుని మడత విప్పి మళ్ళీ చదివింది. అప్పటికది పదోసారో పదకొండోసారో.

బండి నెంబరు ఆమెదే. తేదీ, చోటు కూడా సరిపోయాయి. పాత బస్సు డిపో దగ్గరి కూడలి, సాయంత్రం ఆరూ పది. నేరం అని ఉన్నచోట రెండే వాక్యాలు: "వెనక సీటులో పిల్లలు ముగ్గురు. మధ్యలో కూర్చున్న బిడ్డకి సీటు బెల్టు లేదు."

ఆమెకి ఇద్దరే పిల్లలు.

ఇంకెవరికైనా ఇలాంటి నోటీసు వస్తే నవ్వి పక్కన పడేసేవాళ్ళేమో. ఆమె అలా చెయ్యలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ముందుగా భుజాలు తడుముకునేది ఆమే. పిల్లల తరగతిలో ఎవరికో పేలు పట్టాయని బడినుంచి చీటీ వస్తే, పిల్లల తలలు వెతికి, తన తల వెతుక్కుని, ఏమీ దొరకకపోయినా టీచరుకి క్షమించమని రాసిన మనిషి. గ్యాసు కట్టేశానా, తాళం వేశానా, కిటికీ మూశానా... ప్రతిదీ మూడుసార్లు చూస్తుంది. ఆమె భర్త ఆమెకి 'తనిఖీ' అని పేరు పెట్టాడు. నెలలో మూడు వారాలు ఎక్కడో వంతెన కట్టే పనిలో ఉంటాడు. అక్కడినుంచి ఫోను చేసినప్పుడల్లా, "తనిఖీ గారూ, అంతా భద్రమేనా?" అనే మొదలుపెడతాడు.

అన్నిటికంటే ఆమెకి పట్టింపు సీటు బెల్టులు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నాడికి ఆరు. ఇద్దరూ చెరో కిటికీ పక్కనా కూర్చుంటారు. మధ్య సీటు ఖాళీ. అక్కడ బడిసంచులు పెడతారు. ఆమె తాళంచెవి మీద చెయ్యి వేసి వింటూ ఉంటుంది. టక్. "పెట్టాను." మళ్ళీ టక్. "పెట్టాను." రెండూ వినబడ్డాకే బండి కదులుతుంది. ఒక్కటి తగ్గినా, వెనక ఎన్ని బళ్ళు హారన్లు కొట్టినా, కదలదు.

అలాంటి మనిషికి బెల్టు లేని బిడ్డ ఉందని నోటీసు.

నోటీసు వచ్చిన రోజునే కోర్టుకి ఫోను చేసింది. అక్కడి అమ్మాయి అంతా విని, ఇవన్నీ మాకు తెలీవండీ, కోర్టుకొచ్చి చెప్పుకోండి అంది. వదినకి చెబితే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"మాకు చెప్పకుండా మూడోదాన్ని ఎప్పుడు కన్నావే? మా తమ్ముడికైనా తెలుసా?"

తరవాత ఆవిడే బుద్ధి చెప్పింది. వాళ్ళతో వాదించకు, ఏదో ఒకటి ఒప్పుకుని బయటపడు, ఒప్పుకుంటే నీ ఒళ్ళేమీ అరిగిపోదు అంది.

ఆమెకి ఒక్కటే భయం. లైసెన్సు. పిల్లల బడి ఇంటికి పన్నెండు మైళ్ళు. ఆ దారిలో బస్సు లేదు. పొద్దున దింపాలి, సాయంత్రం ఆరింటిలోపు తీసుకురావాలి. ఇంట్లో ఇంకో మనిషి లేడు. లైసెన్సు పోయిందా, పిల్లల చదువూ తన ఉద్యోగమూ రెండూ రోడ్డు మీద పడ్డట్టే.

గుమస్తా ఆమె నెంబరు పిలిచాడు.

ఉన్ని మఫ్లరు మెడకి రెండు చుట్లు చుట్టుకున్న పెద్దాయన. కళ్ళజోడు దారానికి వేలాడుతోంది. నోటీసూ లైసెన్సూ అందుకుని, నోటీసులో కూడలి పేరూ నేరమూ చూసి, ఒక్క క్షణం ఆగాడు. లేచి వెళ్ళి బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చాడు. రెండు పేజీల చిల్లర కేసుకి అంత లావు ఫైలెందుకో ఆమెకి అర్థం కాలేదు. పైనున్న ఫొటో మాత్రం తీసి, అద్దాల కిటికీ కిందినుంచి ఆమె వైపు తోశాడు.

ఫొటో నలుపూ తెలుపూ. వాన సన్నని తెల్ల గీతల్లా పడింది. ముందద్దంలోంచి ఆమె కోటూ, స్టీరింగు మీద ఆమె రెండు చేతులూ కనబడుతున్నాయి. ముఖం మీద బూడిదరంగు బిళ్ళ. వెనక కుడివైపు చిన్నాడు, వాడి ముఖం మీదా ఒక బిళ్ళ. ఎడమవైపు పెద్దది. ఇంకో బిళ్ళ.

ఇద్దరి మధ్యా ఇంకో బిడ్డ.

చిన్న ఒళ్ళు. తడిసి ఒక పక్కకి జారిన ఉన్ని టోపీ. రెండు చేతులూ ముందు సీట్ల మీద వేసి, బాగా ముందుకి వంగి, సరిగ్గా కెమెరాలోకి చూస్తోంది. ఆ ముఖం మీద మాత్రం బిళ్ళ లేదు.

ఆమె ఆ ముఖాన్ని చూసింది. చూపు తిప్పుకోగానే అది ఎలా ఉందో గుర్తులేదు. మళ్ళీ చూసింది. మళ్ళీ గుర్తులేదు.

అరవాలనిపించలేదు. చాలాసేపు మంచులో నించుంటే వేళ్ళు తనవి కానట్టు అయిపోతాయే, అలా అయింది ఒళ్ళంతా.

"మా ముఖాలన్నీ మూశారు," అంది నెమ్మదిగా. "దీన్ని మూయలేదేం?"

"మేం మూయమమ్మా. యంత్రమే మూస్తుంది. ముఖం ఎక్కడుంటే అక్కడ దానంతట అదే బిళ్ళ వేసేస్తుంది."

"మరి ఇక్కడ?"

గుమస్తా ఫొటోని వెనక్కి లాక్కుని ఫైల్లో పెట్టేశాడు.

"దానికి అక్కడ ముఖం కనబడలేదు," అన్నాడు గొంతు తగ్గించి.

ఏ కాగితం కావాలని అడిగాడు. ఆలోచించుకుంటానంది. రెండూ ఇచ్చాడు.

కుర్చీలోకి వచ్చి కూర్చున్నాక ఆ సాయంత్రం ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వాన. పాత డిపో కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నారు. వెనకనుంచి చిన్నాడు, "జరుగు," అన్నాడు. పెద్దది, నేనీ చివరే ఉన్నాను కదరా అంది. వాడు మళ్ళీ, "జరగమను అమ్మా," అన్నాడు. మధ్యలో అంత చోటు పెట్టుకుని ఎందుకు కొట్టుకుంటారని ఆమె ఇద్దర్నీ కసిరింది. వాళ్ళు గప్‌చుప్ అయిపోయారు. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు.

ఆ రోజు చిన్నాడి చొక్కా చెయ్యి మోచేతిదాకా తడిసి ఉంది. కిటికీ తీశావా అని తిట్టింది. తీయలేదని వాడు ఏడ్చాడు.

ఇప్పుడు తట్టింది. తడిసింది కిటికీ వైపు చెయ్యి కాదు. రెండోది.

హాలు ఖాళీ అవుతోంది. చెట్టు ముసలాయన తెల్ల కాగితం ఊపుకుంటూ బయటికొచ్చాడు. వాయిదా పడిందట, అప్పటికి కొమ్మ ఇంకో రెండడుగులు పెరుగుతుందని సంబరపడిపోతున్నాడు. వ్యాను కుర్రాయన లోపలికెళ్ళినంత వేగంగానూ తిరిగొచ్చి, పన్నెండోసారి కలుద్దాం అక్కా అని వెళ్ళిపోయాడు. మెట్ల మీద వాళ్ళ అడుగుల చప్పుడు కింద దాకా వెళ్ళి ఆగింది. కిటికీల బయట పూర్తిగా చీకటి పడింది. వాన మొదలైంది. మనిషి కదిలితే వెలిగే దీపాలు కావడంతో, వసారాలో ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

అయిదుంబావుకి ఆమెని లోపలికి పిలిచారు.

మేజిస్ట్రేటుకి జలుబు. దగ్గుబిళ్ళ చప్పరిస్తూ, తలెత్తకుండానే నోటీసు చదివింది. పొద్దున్నుంచీ అదే గొంతుతో ఎన్ని చదివిందో, మాటలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని నున్నగా అయిపోయాయి. గుమస్తా పక్క బల్ల దగ్గర కలం పట్టుకుని కూర్చున్నాడు. గదిలో వాళ్ళు ముగ్గురే.

"ఒప్పుకుంటున్నారా?"

ఆమె తనకి ఇద్దరే పిల్లలని చెప్పింది. ఆ రోజు బండిలో ఇంకెవరూ లేరని చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

మేజిస్ట్రేటు ఆశ్చర్యపోలేదు. ఇది ఎన్నోసార్లు విన్నదానిలా, ఆ బిడ్డ మీకు పుట్టిందా లేదా అనేది ఈ కోర్టుకి అక్కర్లేదంది. కాదంటే తెల్ల కాగితం ఇచ్చి వెళ్ళవచ్చు. నాలుగు నెలల తరవాత విచారణ. పిల్లల భద్రత కేసు కాబట్టి అప్పటిదాకా లైసెన్సు ఇక్కడే ఉంటుంది. చాలామంది అదే చేస్తారు, అంది. ఆ చివరి మాట కొంచెం నెమ్మదిగా అన్నట్టనిపించింది. దగ్గుబిళ్ళ వల్లనేమో.

గోడ గడియారం అయిదూ ఇరవై చూపిస్తోంది. పిల్లల బడికి ఇక్కణ్ణించి అరగంట. నాలుగు నెలలు... పొద్దున పన్నెండు మైళ్ళు, సాయంత్రం పన్నెండు మైళ్ళు.

ఆమె చేతిలో ఆకుపచ్చ కాగితం ఉంది.

అబద్ధం ఆడుతున్నానా అని తనని తాను ప్రశ్నించుకుంది. ఫొటోలో బండి తనదే. నడిపింది తనే. మధ్యలో ఒక బిడ్డ ఉంది. బెల్టు లేదు. ఇందులో ఏది అబద్ధం? ఎవరి బిడ్డయితేనేం... వానలో తడిసొచ్చి, ఏ పట్టూ లేకుండా కూర్చుంది. తను వెనక్కి తిరిగి చూడలేదు. పైగా కసిరింది.

ఆ మాట అనుకోగానే గుండెలో ఎప్పుడూ గుచ్చుకునే ముల్లు గుచ్చుకుంది. పేల చీటీ వచ్చినప్పుడు గుచ్చుకున్నదే.

"ఒప్పుకుంటున్నాను," అంది. అక్కడితో ఆగితే సరిపోయేది. వ్యాను కుర్రాయన పదకొండుసార్లూ అక్కడే ఆగాడు. ఆమె ఆగలేకపోయింది. "ఆ బిడ్డ బాధ్యత నాదే."

మేజిస్ట్రేటు మొదటిసారి తలెత్తింది. కళ్ళకింద ఉబ్బు, ముక్కు ఎర్రగా. ఏదో చెప్పబోయి గుమస్తా వైపు తిరిగింది.

"మొదటి మాట చాలు. రెండోది రాయకండి."

గుమస్తా కాగితాన్ని చూసుకున్నాడు.

"రాసేశానండి," అన్నాడు.

వాన కిటికీ అద్దాన్ని గోళ్ళతో గీరుతున్నట్టుంది. ఎక్కడో కింద ఒక తలుపు తెరుచుకుని, మూసుకున్న చప్పుడు. మెట్ల మీద దీపాలు వరసగా వెలిగాయి. తలుపు అద్దంలోంచి ఆమెకి కనబడింది. కింది అంతస్తులో ఒకటి. మలుపులో ఒకటి. వసారా చివర ఒకటి. ఎవరూ రాలేదు. దీపాలు మాత్రం ఒకదాని తరవాత ఒకటి గది దాకా వెలుగుతూ వచ్చి, తలుపు బయట ఆగాయి.

మేజిస్ట్రేటు చూడనట్టు ముద్ర వేసింది. జరిమానా ఎంతో చెప్పింది. చిన్న మొత్తమే. లైసెన్సు వెనక్కి ఇచ్చేసింది.

వసారాలోకి గుమస్తా కూడా వచ్చాడు. తాళాలు వెయ్యాలన్నాడు. లావు ఫైలు చంకలో ఉంది. రెండడుగులు నడిచి ఆగి, చుట్టూ చూసి, ఆ ఫైలు తెరిచి పట్టుకున్నాడు. అన్నీ తెల్ల కాగితాలే. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క బండి నెంబరు. ప్రతిదాని కిందా ఒకటే మాట, వేరువేరు చేతిరాతల్లో. నా బిడ్డ కాదు. నా బిడ్డ కాదు. మా బండిలో ఎవరూ లేరు. నా బిడ్డ కాదు.

"తొమ్మిదేళ్ళుగా వస్తోందమ్మా," అన్నాడు గుసగుసగా. "బళ్ళు వేరు. కూడలి అదే. సీటు అదే."

"కాదన్నవాళ్ళకి ఏమైంది?"

"ఏమీ కాలేదు. విచారణకి సాక్ష్యం నిలవదు. లైసెన్సు తిరిగి ఇచ్చేస్తారు. మళ్ళీ కొన్నాళ్ళకి ఇంకొకళ్ళ బండిలో కనబడుతుంది."

"ఒప్పుకున్నవాళ్ళకి?"

గుమస్తా ఆమె ఆకుపచ్చ కాగితాన్ని తీసి, తెల్లవాటన్నిటి మీదా పెట్టి, తాడు బిగించి ముడేశాడు. ఆ ముడి వంకే చూస్తూ అన్నాడు, "నాకు తెలీదమ్మా. ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకోలేదు."

ముందే ఎందుకు చెప్పలేదని ఆమె అడగలేదు. అడగకపోయినా ఆయన జవాబు చెప్పాడు. ఒప్పుకోమని గానీ, వద్దని గానీ గుమస్తా చెప్పకూడదట. అది కోర్టు నియమమట. ముప్పై ఏళ్ళలో తను ఒక్కసారి కూడా తప్పలేదట.

ఆమె తలూపింది. నియమమంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

మెట్లు దిగుతుంటే దీపాలు ఆమె కంటే ఒక మెట్టు ముందుగానే వెలిగాయి.

బండి దగ్గరికొచ్చేసరికి అయిదూ ముప్పై. తలుపు తీయగానే తడిసిన ఉన్ని వాసన కొట్టింది. తన కోటుదేననుకుంది. లోపలి దీపం వెలుగులో వెనక సీటు చూసింది. ఖాళీ. మధ్య సీటు బట్ట మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. తడి ఉందో లేదో ఆమె వేళ్ళకి తెలియలేదు. వేళ్ళు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి.

మూడుసార్లు చూసింది. కూర్చుని, తన బెల్టు పెట్టుకుని, బయల్దేరింది.

బడి ఆయా తలుపు దగ్గరే నించుని గడియారం చూసుకుంటోంది. ఇంకో రెండు నిమిషాలైతే నేనే దత్తత తీసుకుందామనుకున్నాను అని వేళాకోళమాడింది. ఆరింటికి రెండు నిమిషాలు తక్కువ. పెద్దది సంచులు రెండూ మోసుకొచ్చింది. చిన్నాడు బూటుతాడు కట్టుకోకుండానే పరిగెత్తుకొచ్చి ఆమె కోటులో తల దూర్చాడు. వాడి తల వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఎక్కడో చాలా దూరంగా తగిలినట్టు తగిలింది.

వంగి బూటుతాడు కట్టింది. ముడి సరిగా పడిందో లేదో మూడుసార్లు లాగి చూసింది. లైసెన్సు ఉంది. రేపు పొద్దున మళ్ళీ దింపవచ్చు. దానికోసమే కదా ఇంతా...

ఇద్దరూ వెనక ఎక్కారు. పెద్దది ఈ కిటికీ పక్కన, చిన్నాడు ఆ కిటికీ పక్కన. తలుపులు వేసి, ముందు కూర్చుని, తాళంచెవి మీద చెయ్యి వేసింది.

టక్.

"పెట్టాను," అంది పెద్దది.

టక్.

"పెట్టాను," అన్నాడు చిన్నాడు.

రెండు. సరిపోయాయి. ఊపిరి వదిలింది. అప్పుడు అద్దంలో కనబడింది. పెద్దది బడిసంచులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, గడ్డం దాకా పట్టుకుని కూర్చుంది.

"ఎందుకే ఆ మోత? రోజూలా మధ్యలో పెట్టెయ్యచ్చు కదా."

పెద్దది తల్లిని చూడలేదు. కిటికీలోంచి వాననే చూస్తోంది.

"పరవాలేదమ్మా," అంది.

చిన్నాడు కూడా తన తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు. ఇవాళ జరగమని అనలేదు.

ఆమె అద్దాన్ని పైకి తిప్పేసింది. ఇప్పుడందులో బండి పైకప్పు మాత్రమే కనబడుతుంది. బండి కదిలింది. అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ, అటూ ఇటూ. తడి ఉన్ని వాసన పెరుగుతోంది. వెనకనుంచి ముగ్గురి ఊపిరి వినబడుతోందా, ఇద్దరిదా అని లెక్కపెట్టబోయి మానేసింది. తన జీవితంలో లెక్కపెట్టబోయి మానేసిన మొదటి లెక్క అదే.

పాత డిపో కూడలిలో ఎర్ర లైటు పడింది. ఆగింది. గీతకి ఒక బండి పొడవు వెనకే ఆగింది. స్తంభం మీద కెమెరా వానలో నల్లగా తడిసి, కిందికి చూస్తోంది.

"అమ్మా," అంది పెద్దది. చాలా చిన్న గొంతు. "మధ్యలో బెల్టు పెట్టుకోలేదు."

ఆమె రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఫొటోలో ఉన్నట్టే.

"నువ్వు పెట్టుకున్నావా?"

"నేను పెట్టుకున్నాను."

"నువ్వురా?"

"నేనూ పెట్టుకున్నాను," అన్నాడు చిన్నాడు.

లైటు ఆకుపచ్చకి మారింది. వెనక బండి హారన్ కొట్టింది. ఇంకోటి కొట్టింది. ముందు రోడ్డంతా ఖాళీగా, నల్లగా మెరుస్తూ ఉంది. ఒక్కసారి కాలు నొక్కితే చాలు. కూడలి దాటిపోతుంది, ఇల్లు పది నిమిషాలు. కానీ వెనక ఒక బిడ్డ బెల్టు లేకుండా ఉంటే బండి కదపడం ఆమె చేత కాదు. ఎన్నడూ కాలేదు.

తిరిగి చూడలేదు. ఎడమ చెయ్యి రెండు సీట్ల మధ్యనుంచి వెనక్కి చాపి, గాలిలో తడుముతూ, మధ్య సీటు బెల్టు కోసం వెతికింది.

తడిసిన చిన్న చెయ్యి ఒకటి బెల్టుని ఆమె చేతికి అందించింది.